జబ్బు పేరు రాయించుకోకు

కంపెనీ క్వార్టర్సు, రెండో అంతస్తు
ఆదివారం

అక్కకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. బాగానే ఉన్నాను, అంటే బతికే ఉన్నాను. వారం నుంచి నా ఫోన్ కలవడం లేదని ఈపాటికి నన్ను నానా తిట్లూ తిట్టి ఉంటావు. కట్టేసి సొరుగులో పెట్టాను. అది మోగితే చాలు, గుండె గొంతులోకి వచ్చి కూర్చుంటోంది. మోగకపోతే ఎప్పుడు మోగుతుందో అని ఇంకో బాధ. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

పనిలో ఒక తప్పు చేశాను. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? అమ్మ పోయాక నన్ను పెంచినదానివి నువ్వే. తిట్టినా నువ్వే తిట్టాలి.

మా లిఫ్టు మెకానిక్కులకు ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు గొయ్యిలోకి దిగేముందు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి ఎవరి తాళం వాళ్లు వేసుకోవాలి. తాళంచెవి జేబులో ఉండాలి. వేసినవాడు తప్ప ఇంకెవరూ ఆ తాళం తీయకూడదు. తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే లెక్క. రెండు నెలలుగా నాకు ఆ తాళం మీద నమ్మకం పోయింది. వేస్తాను, దిగుతాను, వేశానో లేదో అని మళ్లీ ఎక్కుతాను. లాగి చూస్తాను, దిగుతాను. సరిగ్గా లాగానా లేదా అని మళ్లీ ఎక్కుతాను. ఆ రోజు ఏడుసార్లు ఎక్కి దిగాను. నా జోడీ పొడుగాయన సామాను కోసం స్టోరుకు వెళ్లాడు. ఏడోసారి దిగాక ఛాతీ పట్టేసింది. ఊపిరి ఆడలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. అయిపోయింది, ఇక్కడే పోతాననుకున్నాను. ఎలా పైకొచ్చానో తెలియదు. రోడ్డు మీద దొరికిన బండి ఎక్కి ఆసుపత్రికి పోయాను. ఈసీజీ తీశారు. "గుండె భేషుగ్గా ఉందయ్యా, ఇంటికెళ్లు" అన్నాడు అక్కడి డాక్టరు. ఇలా అనిపించుకోవడం ఇది మూడోసారి.

నా తాళం మాత్రం స్విచ్చికే ఉండిపోయింది. పొడుగాయన తిరిగొచ్చి, తాళం చూసి, నేను గొయ్యిలో ఉన్నాననుకున్నాడు. పిలిచాడు. నా ఫోన్ అప్పటికే కట్టేసి ఉంది. టార్చి పట్టుకుని అడుగున వెతికాడు. తర్వాత ఆరు అంతస్తుల తలుపులూ ఒక్కొక్కటే తెరిచి, ఎక్కడ పడి ఉన్నానో అని వెతికాడట. ఆయనకు యాభై అయిదేళ్లు. నేను బయట ఉన్నానని తేలేదాకా ఎవరూ తాళం కోయలేకపోయారు. ఆరో అంతస్తు పెద్దావిడ తుంటి ఆపరేషన్ చేయించుకుని ఆ రోజే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. అయిదు గంటల పాటు కింద చక్రాల కుర్చీలోనే కూర్చుంది.

కంపెనీ నోటీసు ఇచ్చింది. నెలలోగా జవాబు రాసివ్వాలి. సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, "ఏ జబ్బో పేరు రాసి డాక్టరు కాగితం ఇస్తే, మూడు నెలలు వర్క్‌షాపులో, గొయ్యిలోకి దిగక్కర్లేని పని ఇప్పిస్తా. కాగితం లేదంటే ఇది నిర్లక్ష్యం కిందికొస్తుంది. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు" అన్నాడు. గురువారం మనసు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఈసీజీ తీసినాయనే పంపించాడు.

ఒకసారి రా అక్కా. రెండు రోజులుండి వెళ్లు. మోకాళ్ల నొప్పులని తెలుసు. కానీ పదకొండేళ్లు కండక్టరుగా చేసినదానివి, ఏ బస్సులో ఏ సీటు కుదపదో నీకు ఒకరు చెప్పాలా?

నీ తమ్ముడు


ఇల్లు, ముందు గది
బుధవారం

ఒరేయ్ చిన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి తిట్టుకుంటూ, రెండోసారి ఏడుస్తూ, మూడోసారి ఏం రాయాలా అని ఆలోచిస్తూ. పొడుగాయనకు ముందు క్షమాపణ చెప్పు. ఆరు అంతస్తులు వెతికాడంటే నిన్ను సొంత మనిషి అనుకున్నాడన్నమాట.

నువ్వు చిన్నప్పుడూ ఇంతే. పడుకునే ముందు వీధి తలుపు గడియ నాలుగుసార్లు చూసొచ్చేవాడివి. "కొంపలో ఏముందిరా దొంగలు దోచుకుపోవడానికి, నిన్నెత్తుకుపోతే వాళ్లే తెచ్చి దింపుతారు" అని నేను ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

రమ్మన్నావు. ఎలా రాను చెప్పు? హోటలు వాళ్లవి నలభై జతల పరదాలు నెలాఖరుకి ఇవ్వాలి. కుట్టుమిషను ముందు నుంచి లేస్తే మోకాళ్లు పట్టేస్తున్నాయి. మీ క్వార్టర్సులో లిఫ్టు కూడా లేదాయె. ఊరందరికీ లిఫ్టులు బాగుచేసేవాడివి, నువ్వు మాత్రం మెట్లెక్కి పోతావు.

డాక్టరు దగ్గరికి వెళ్లు, వద్దనను. మందిస్తే వేసుకో. కానీ ఒక్క మాట విను. జబ్బు పేరు మాత్రం కాగితం మీద రాయించుకోకు. నీరసమనో, కళ్లు తిరిగాయనో రాయమను. ఆ పేరు ఒకసారి ఫైలులోకి ఎక్కిందంటే నువ్వు ఏ పని చేసినా ఎదుటివాడికి ఆ పేరే కనిపిస్తుంది. చెయ్యి కొంచెం వణికినా దానివల్లే అంటారు, గట్టిగా నవ్వినా దానివల్లే అంటారు. పెద్దదాన్ని చెబుతున్నాను.

వేళకు తిను. ఫోను ఆ సొరుగులోనే ఉండనీ, పీడా పోయింది. నాకు ఉత్తరాలే బాగున్నాయి.

అక్క


కంపెనీ క్వార్టర్సు
శుక్రవారం

అక్కకు,

వెళ్లొచ్చాను. నేనేదో అనుకున్నాను, అక్కడేమీ లేదు. ఒక బల్ల, దానికి ఎదురుగా రెండు కుర్చీలు, కిటికీలో ఒక మొక్క. డాక్టరమ్మ నీ వయసుదే ఉంటుంది. నన్ను ముప్పావు గంట మాట్లాడనిచ్చింది. నా మాట అంతసేపు ఎవరైనా విని ఎన్నాళ్లయిందో.

ఎన్నాళ్లుగా ఉంది, నిద్ర ఎలా పడుతోంది, ఏవి తప్పించుకు తిరుగుతున్నావు, ఇవీ ప్రశ్నలు. తప్పించుకు తిరిగేవి చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఫోను. క్యాంటీన్లో మధ్య బల్ల. జనం ఎక్కువున్న బస్సు. చివరికి వేడి నీళ్ల స్నానం కూడా. ఆవిరికి ఊపిరాడదేమో అని. రక్తం పరీక్ష కూడా చేయించింది. గొంతు దగ్గర గ్రంథి తేడా చేసినా ఇలాగే ఉంటుందట, అది కాదని తేలాకే పేరు చెప్పింది.

యాంగ్జైటీ డిజార్డర్ అంటారట. ఊపిరాడక పోతాననిపించేది పానిక్ ఎటాక్. "మీరు అబద్ధం చెప్పడం లేదు, పిరికివాళ్లూ కాదు, పిచ్చీ కాదు. ఇది చాలామందికి వస్తుంది, నయం చేసే దారులున్నాయి" అంది. నాకు ఏడుపొచ్చేసింది అక్కా. ముప్పై నాలుగేళ్ల మగవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. నా ఒక్కడికే ఉన్న దరిద్రం అనుకున్నదానికి పుస్తకంలో పేరుంది. పేరుందంటే నాకంటే ముందు ఇంకొకడెవడో ఇదే పడ్డాడని కదా.

మా లిఫ్టుల్లో ఒక బ్రేకు ఉంటుంది. తాడు తెగి కాబిన్ కిందికి పడిపోతుంటే అది రెండు పక్కలా పట్టాలను గట్టిగా పట్టేస్తుంది. మంచి బ్రేకే. కానీ ఒక్కోసారి ఏమీ పడకుండానే పట్టేస్తుంది. లోపలివాళ్లు బెదిరిపోయి అరుస్తారు. నాది అదేననిపించింది. డాక్టరమ్మకు చెబితే రాసుకుంది, "ఇంకొకరికి చెప్పడానికి పనికొస్తుంది" అని.

మాత్ర ఇచ్చింది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందట. వారం వారం వచ్చి మాట్లాడమంది. తాళం ఒక్కసారే వేసి, ఒక్కసారే లాగి, వేశానని చీటీలో రాసుకుని దిగాలట. మళ్లీ చూడాలనిపించినా చూడకుండా, ఆ భయం దానంతటదే దిగేదాకా ఉండాలట. వినడానికి బాగుంది.

రెండు సంగతులు. ఒకటి, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. తెలియదన్నాను. అమ్మకు ఉండేదా? రెండోది, వచ్చే శనివారం ఇంటి మనిషి ఎవరినైనా తీసుకురమ్మంది. నాకు ఇంటి మనిషి అంటే నువ్వొక్కదానివే. కాగితం అడిగితే ఆ రోజే రాసిస్తానంది. వస్తావు కదూ?

నీ తమ్ముడు


ఇల్లు, ముందు గది
సోమవారం

చిన్నా,

మన ఇంట్లో ఎవరికీ లేదు. అలాగే చెప్పు. అమ్మ నిక్షేపంగా ఉండేది. పోయిన వాళ్లను ఇందులోకి లాగకు.

నేను శనివారం రాలేను. ఎందుకు రాలేనో ప్రతి ఉత్తరంలో నాచేత రాయించకు.

నీకొక సంగతి చెబుతాను, విని బుద్ధి తెచ్చుకో. మా డిపోలో ఒక కండక్టరుండేది. నాతోపాటే చేరింది. జనంతో కిక్కిరిసిన బస్సులో వెనక నుంచి ముందుకి పాములా జారిపోయేది, ఒక్క టికెట్ వదిలేది కాదు. ఒకరోజు రెండు స్టాపుల మధ్య ఆమెకు నీకు వచ్చినట్టే వచ్చింది. సంచి జారి పడింది. బస్సు ఆపించి దిగి, రోడ్డు పక్కన కూలబడింది. ఎనభై మంది కిటికీల్లోంచి చూశారు. ఆమె కూడా నీలాగే డాక్టరు దగ్గరికి వెళ్లింది, నీలాగే పేరు తెలిసి సంతోషించింది. ఆ కాగితం తీసుకెళ్లి డిపో మేనేజరుకిచ్చింది. అతగాడు దాన్ని డ్యూటీ గదిలో అందరి ముందూ పైకి చదివాడు. "ఈవిడ గారికి భయం జబ్బట, బస్సెక్కితే భయమట" అని. ఆ రోజు నుంచి ఆమె గదిలోకి రాగానే ఎవరో ఒకరు "రైట్ రైట్, భయం లేదు" అనేవారు. సరదాకే. సరదాకి అన్నదానికి ఏడవకూడదు కదా, నవ్వేది. మూడు నెలలు నవ్వి మానేసింది. ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

అందుకే చెబుతున్నాను. కాగితం వద్దు. ఆ రోజు ఏమరుపాటుగా ఉన్నాను, ఇక జరగదు అని రాసిచ్చెయ్. ఒకసారికి క్షమిస్తారు.

అక్క


కంపెనీ క్వార్టర్సు
నెలాఖరు, మంగళవారం

అక్కకు,

నీ మాటే విన్నాను. "నా నిర్లక్ష్యం వల్ల జరిగింది" అని రాసిచ్చాను. సూపర్‌వైజర్ చదివి తలెత్తి, "ఇదేనా రాసేది?" అన్నాడు. అవునన్నాను. పని నుంచి నిలిపేశారు. ఇరవయ్యో తారీకున విచారణ. ఆ రోజు ఉద్యోగం ఉంటుందో పోతుందో చెబుతారు. పోతే క్వార్టర్సూ పోతుంది. ఒక మెకానిక్కు నిర్లక్ష్యంగా తాళం వదిలేశాడని తెలిస్తే వేరే కంపెనీ ఏదీ తీసుకోదు. మా లోకం చిన్నది.

శనివారం డాక్టరమ్మ దగ్గర రెండో కుర్చీ ఖాళీగా ఉంటుందని నేను వెళ్లలేదు. ఆ తర్వాతి శనివారం కూడా. మాత్రలు మాత్రం వేసుకుంటున్నాను.

ఇప్పుడు నాకు రోజంతా గది. ఎదురింటి వాళ్లు తొమ్మిదింటికి బట్టలు ఆరేస్తారు, మూడింటికి తీస్తారు. మధ్యలో ఏమీ ఉండదు. నిన్న పొడుగాయన వచ్చి తలుపు కొట్టాడు. నేను తలుపు వెనకే నిలబడ్డాను. "లోపలున్నావని తెలుసురా, చెప్పులు బయటే ఉన్నాయి" అన్నాడు. అయినా తీయలేదు. ఆయన చాలాసేపు మెట్ల మీద కూర్చున్నట్టున్నాడు, దగ్గు వినిపించింది. తర్వాత వెళ్లిపోయాడు. అంత మంచి మనిషికి తలుపు తీయలేకపోయాను. ఆయన ముందు నిలబడడానికి ముఖం చెల్లలేదు.

ఒకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. నేనంటే నీకు సిగ్గుగా ఉందా? అందుకేనా రావడం లేదు? నాలుగేళ్లలో నువ్వు నా గడప తొక్కలేదు. నాకు చెయ్యి విరిగినప్పుడు కూడా రాలేదు. సంవత్సరానికి రెండుసార్లు నేనే వచ్చి చూసిపోతున్నాను. మోకాళ్ల నొప్పులు కాబట్టి సరే అనుకున్నాను. కానీ నేనొచ్చిన ప్రతిసారీ నువ్వు నేల మీద కూర్చుని గుడ్డ కత్తిరించి, చటుక్కున లేచి టీ పెట్టడం నేను చూడలేదా?

నీ తమ్ముడు


ఇల్లు, ముందు గది
శుక్రవారం

చిన్నా,

ఈ ఉత్తరం అయిదుసార్లు రాసి చించాను. ఇది చించను.

నా మోకాళ్లకేమీ కాలేదు.

ఆ కండక్టరు నేనే. ఇప్పుడెక్కడుందో తెలియదని రాశాను. ఇక్కడే ఉంది. నాలుగేళ్లుగా ఈ ముందు గదిలోనే ఉంది. పాలు గుమ్మం దగ్గరికొస్తాయి. గుడ్డా దారమూ కొట్టావిడ వ్యానులో వస్తాయి, కుట్టినవి అదే వ్యానులో పోతాయి. వీధి చివర కిరాణా కొట్టుదాకా వెళ్లగలను, అదీ ఎండ బాగా ఉండి వీధిలో ఎవరూ లేని పూట. ఆ కొట్టు దాటితే కాళ్లలో బలం పోతుంది. చెవుల్లో హోరు. నీకు రాసేంత ధైర్యం లేక ఇన్నాళ్లూ పరదాల లెక్క చెప్పాను. నలభై జతలు కాదురా, పన్నెండే.

నీకు చెయ్యి విరిగిన రోజు చీర కట్టుకుని, సంచి సర్దుకుని గుమ్మం దాకా వచ్చాను. చెప్పులు వేసుకున్నాను. గడప మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. తర్వాత చెప్పులు విప్పి, నీకు ఫోన్ చేసి, మోకాళ్లు వాచాయని చెప్పాను. "నువ్వు జాగ్రత్త అక్కా" అన్నావు. విరిగిన చెయ్యి నీది.

నీకు సిగ్గుగా ఉందా అని అడిగావు. ఉంది. నీ గురించి కాదు, నా గురించి. నిన్ను పెంచినదాన్ని నేను. భయపడితే నీకు ధైర్యం చెప్పాల్సినదాన్ని. నాకే భయమని నీకెలా చెప్పను? నీకు ఆ జబ్బే వచ్చిందని మొదటి ఉత్తరంలో చదవగానే నాకు తెలిసిపోయింది. ప్రతి ముక్కా తెలుసు. వేళ్ల తిమ్మిరితో సహా తెలుసు. "నాకూ ఇంతే" అని ఒక్క వాక్యం రాసి ఉంటే నీకు ఎంత ఊరటగా ఉండేదో కూడా తెలుసు. రాయలేదు. పైగా ఎవరికీ లేదని చెప్పమన్నాను. అది అబద్ధం. అక్కకు ఉందని డాక్టరమ్మతో చెప్పు. అమ్మ సంగతి నిజంగానే తెలియదు. ఆమె కూడా ఎక్కడికీ వెళ్లేది కాదు, మనం పిల్లలం కదా, అమ్మ అంటే ఇంట్లోనే ఉంటుందనుకున్నాం.

ఇన్నాళ్లూ నా బతుకు పాడుచేసింది ఆ జబ్బు పేరేనని నమ్మాను. నీ ఉత్తరాలు ముందు పెట్టుకుని ఆలోచిస్తే ఇప్పుడు తెలుస్తోంది. పేరు పెట్టిన డాక్టరు నాకేమీ హాని చేయలేదు. ఆయనిచ్చిన మాత్రలు ఆరు వారాలు వాడాను, కాస్త తెరిపిగానే ఉండేది. దాన్ని నలుగురిలో చదివి నవ్వినవాడు చేశాడు. నేనేమో ఇద్దరినీ ఒకే గాటన కట్టి, కాగితంతోపాటు మందూ పారేశాను. నా మీద నవ్వినందుకు నీ ఉద్యోగం తీయించబోయాను.

ఇరవయ్యో తారీకు ఇంకా ఎనిమిది రోజులుంది. ఇది అందిన రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. పేరు రాయించు. ఎంత పెద్ద అక్షరాలతో కావాలంటే అంత పెద్దగా రాయించు. ఎవడైనా నవ్వితే నవ్వనీ. పొడుగాయన వస్తే తలుపు తియ్యి.

నన్ను క్షమించమని అడగను. చదివావని ఒక్క ముక్క రాయి, చాలు.

అక్క


కంపెనీ క్వార్టర్సు
ఇరవై రెండో తారీకు

అక్కకు,

చదివాను. రెండు రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. చెడ్డ కోపమొచ్చింది. నువ్వు ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఆ కాగితంలో నిర్లక్ష్యం అని నా చేత్తో రాసేవాణ్ణి కాదు. ఇది రాయకుండా వదిలేస్తే మళ్లీ మోకాళ్ల నొప్పే అవుతుంది మన మధ్య. అందుకే రాస్తున్నాను. కోపం ఇంకా కొంచెం ఉంది.

కానీ నువ్వు సంచి పట్టుకుని గడప మీద కూర్చున్న సంగతి చదివాక ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నేను ఏడాదికి రెండుసార్లు వచ్చి, టీ తాగి, నీ కుట్టుమిషనుకు నూనె వేసి వెళ్లిపోయేవాణ్ణి. అక్క ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది అనుకున్నాను. ఎందుకుంటుంది అని ఒక్కసారైనా అడగలేదు.

డాక్టరమ్మకు చెప్పాను. "మొన్న తెలియదన్నారుగా?" అని అడగలేదు. గీత కొట్టి రాసుకుంది, అంతే. "ఆవిడకూ వైద్యం ఉంది. నాలుగేళ్లయినా ఉంది" అంది. మీ ఊరి ఆసుపత్రిలో కూడా సోమవారాలు మనసు డాక్టరు వస్తారట.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. కాగితం ఇచ్చాను. మధ్యలో ఉన్నాయన పైకి చదవబోయాడు. నాకు నీ డిపో గుర్తొచ్చింది. "మనసులో చదువుకోండి సార్, అది నా ఒంటి సంగతి" అన్నాను. నేనే అన్నాను అక్కా! ఆయన ఒక క్షణం చూసి, మనసులో చదువుకున్నాడు. మూడు నెలలు వర్క్‌షాపు. తర్వాత డాక్టరమ్మ సరేనంటేనే గొయ్యి. ఫైలులో మచ్చ మచ్చే. మొదటి రోజు నుంచే వర్క్‌షాపులో ఒకడు నన్ను చూసినప్పుడల్లా జేబులు తడుముకుని "తాళంచెవి ఉందా?" అంటున్నాడు. మిగతావాళ్లు నవ్వుతున్నారు. నాకు నవ్వు రావడం లేదు, నవ్వడం లేదు కూడా. జబ్బు తగ్గలేదు. నిన్న కూడా వచ్చింది. పదిహేను నిమిషాలుండి పోయింది. పోతుందని తెలిసి ఉండడం వేరు.

పొడుగాయనకు తలుపు తీశాను. క్షమించమన్నాను. "ఆరో అంతస్తు తలుపు తెరిచేముందు నా చేతులు ఆడలేదురా. అప్పట్నుంచీ ఏ గొయ్యిలోకి తొంగి చూసినా నువ్వే కనిపిస్తున్నావు" అన్నాడు. డాక్టరమ్మ చిరునామా రాసిచ్చాను.

ఈ ఆదివారం నేనొస్తాను. సోమవారం నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తాను.

నీ తమ్ముడు


ఇల్లు, ముందు గది
బుధవారం

చిన్నా,

రాకు. ఇంటికి మాత్రం రాకు. నువ్వు ఇంటికొస్తే నీకు టీ పెడతాను, మాటల్లో పడతాను, బస్సు వేళ దాటిపోతుంది. నన్ను నేనెరుగుదును.

నిన్న ఒక పని చేశాను. ఆసుపత్రి మా ఇంటి నుంచి ఆరో స్టాపు. బస్సెక్కాను. అవును, ఎక్కాను. కండక్టరు చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది, సంచి తప్పు భుజానికి వేసుకుంది. ఆరో స్టాపుకు టికెట్ తీసుకున్నాను. మొదటి స్టాపు బాగానే ఉంది. రెండో స్టాపులో జనం ఎక్కారు. మూడో దాంట్లో ఇక నావల్ల కాలేదు, దిగిపోయాను. "అమ్మా, మీది ఆరు కదా?" అని ఆ పిల్ల వెనక నుంచి అరిచింది. స్టాపులో బెంచీ మీద గంట కూర్చుని నడిచి ఇంటికొచ్చాను. ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత లెక్క చూసుకుంటే, నాలుగేళ్లలో కిరాణా కొట్టు దాటడం ఇదే మొదటిసారి.

సోమవారం పది గంటలకు ఆ మూడో స్టాపు బెంచీ మీద కూర్చో. అక్కడిదాకా నేనొస్తాను. అక్కడి నుంచి ఇద్దరం వెళ్దాం. ఒక్కటే షరతు. నేను దారిలో ఆగిపోయినా ఎదురు రాకు. చెయ్యి పట్టుకోకు. నువ్వొచ్చి తీసుకెళ్తే నువ్వు తీసుకెళ్లినట్టే ఉంటుంది. రాకపోతే రాలేదని తెలుసుకుని ఆ తర్వాత ఇంటికి రా, ఏమీ అనను.

అక్క


మూడో స్టాపు, బెంచీ
సోమవారం, తొమ్మిదిన్నర

అక్కకు,

తెల్లవారుజామునే బయల్దేరి వచ్చాను. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. నువ్వొస్తే చేతికిస్తాను, రాకపోతే నేనే ఇంటికి తెచ్చిస్తాను. పక్కన ఒకావిడ పూలమొక్కల కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా టైర్ల కొట్టు ఇప్పుడే తీశారు.

పది. బస్సొచ్చింది. నలుగురు దిగారు. నువ్వు లేవు.

పదీ ఇరవై. ఇంకో బస్సు. కుండీ ఆవిడ ఎక్కి వెళ్లిపోయింది. దిగిన వాళ్లలో నువ్వు లేవు. కండక్టరు పిల్ల కనిపించింది, సంచి తప్పు భుజానికే ఉంది.

నాకు మొదలైంది. ఛాతీ పట్టేస్తోంది. నీకేదో అయిందని, నేనే నిన్ను పోరి ఈ పనికి దింపానని. మెల్లిగా ఊపిరి వదులుతున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి, ఏమనుకోకు. లేచి మీ ఇంటికి పరిగెత్తాలని ఉంది. నువ్వు వద్దన్నావు. రాస్తూ కూర్చుంటాను.

పదీ ముప్పావు. మూడో బస్సు ఆగకుండానే పోయింది. అది పోయాక రోడ్డు అవతల కనిపించావు. నువ్వసలు బస్సే ఎక్కలేదు. నడిచి వస్తున్నావు. మూడు స్టాపులూ నడిచే వచ్చావన్నమాట.

టైర్ల కొట్టు పక్క గోడ దగ్గర ఆగావు. రెండు చేతులూ గోడకు ఆనించావు. కొట్టువాడు బయటికొచ్చి ఏదో అడుగుతున్నాడు. తల అడ్డంగా ఊపావు. అతను స్టూలు తెచ్చాడు. నువ్వు కూర్చోలేదు. తల వంచుకున్నావు, భుజాలు ఎగసి పడుతున్నాయి. ఇక్కడి నుంచి నీ దగ్గరికి ఇరవై అడుగులు కూడా ఉండవు. నేను లేవడం లేదు. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఇంత కష్టమైన పని నేను ఏ గొయ్యిలోనూ చేయలేదు.

వెనక్కి తిరిగావు. ఇంటివైపు చూస్తున్నావు. రెండడుగులు అటు వేశావు.

అక్కా.

ఆగావు. ఇటు తిరిగావు. నన్ను చూశావు. ముఖమంతా చెమట. చెయ్యెత్తి, అక్కడే ఉండు అని సైగ చేస్తున్నావు.

ఉన్నాను. కూర్చునే ఉన్నాను. నిదానంగా రా.